తీగలేని హెడ్‌సెట్, లినక్స్ ల్యాప్‌టాప్: ధ్వనిసంబంధ దోషములపై ఒక సమీక్ష

తపతీతీరమందలి సూరత్ నగరమున లింబాయత్, ఉధ్నా, డిండోలీ ప్రాంతములయందు, కరీంనగర్, వరంగల్, నల్లగొండ జిల్లాలనుండి వలసవచ్చి సాంచాలను, అనగా మరమగ్గములను, నమ్ముకొని స్థిరపడిన పద్మశాలి కుటుంబములు అనేకములు కలవు. ఆ నగరపాలక సంస్థ గుజరాతీ, మరాఠీ, హిందీ, ఉర్దూ, ఒడియా భాషలతోపాటు తెలుగు మాధ్యమమునందును పాఠశాలలు నడుపుచుండుటయే అచట మనవారి యునికికి చాలినంత సాక్ష్యము. మగ్గపు గదిపై అంతస్తున కాపురమున్న ఇంటిలో, క్రింద సాంచాల చప్పుడు ఆగని వేళ ఆన్‌లైన్ పాఠము వినవలసిన విద్యార్థికిని, రింగురోడ్డు బట్టల మార్కెట్టునుండి దూరదేశపు వ్యాపారికి వీడియో కాల్‌లో చీరల రంగులు చూపవలసిన గుమాస్తాకును హెడ్‌సెట్ నిత్యావసరమైన పనిముట్టు. అందునను, 2025 అక్టోబరు 14వ తేదీతో మైక్రోసాఫ్ట్ సంస్థ విండోస్ 10 యొక్క సాధారణ పోషణమును ముగించిన పిమ్మట, విండోస్ 11కు అర్హత లేని పాత ల్యాప్‌టాపులను పాఱవేయ మనసొప్పక ఉబుంటు, మింట్, డెబియన్ వంటి లినక్స్ డిస్ట్రోలను ఎక్కించుకొనువారికి తీగలేని హెడ్‌సెట్‌తో పొత్తు కుదుర్చుకొనుట యొక క్రొత్త సమస్యగా పరిణమించినది.

అట్టివారి నోట వినవచ్చు మాట యిట్టిది: "అన్నా, పాటలైతే మంచిగనే ఇనవడ్తయి, కాల్ మాట్లాడవట్టంగనే ఆవాజ్ ఖరాబైతాంది." మఱియొకరికి హెడ్‌సెట్ జాబితాలో అసలే కనబడదు, ఇంకొకరికి కనబడి, జతపడి, 'కనెక్ట్ అయినది' అని తెరపై చూపియు చెవిలో నిశ్శబ్దమే మిగులును, వేఱొకరికి నిన్న పలికినది నేడు పలుకదు, కొందఱికి పలుకుచునే నడుమ నడుమ తెగిపోవును. ఈ ఐదు విధముల ఫిర్యాదులకును లోకము చెప్పు సమాధానములు మాత్రము రెండే: హెడ్‌సెట్ చెడినదనియో, లినక్స్ పనికిరాదనియో. ఈ రెండును తొందరపాటు తీర్పులు. హెడ్‌సెట్టునకును ల్యాప్‌టాపునకును నడుమ ధ్వని ప్రయాణించు మార్గము వేర్వేఱు కాలములలో వేర్వేఱు చేతులతో నిర్మింపబడిన అంచెల సముదాయము. ఏ అంచెలో ధ్వని నిలిచిపోయినదో తెలిసికొనుట మొదటి పని, నిలిచిపోయినది నిజముగా దోషమా లేక ప్రమాణములోనే యున్న పరిమితియా యని వివేచించుట రెండవ పని. దోషమునకు చికిత్స కలదు. పరిమితికి ఒదిగిపోవు ఉపాయము మాత్రమే కలదు. ఈ భేదము నెఱుగకపోవుటయే ఈ విషయమున జరుగు వృథాప్రయాసకు ప్రధానహేతువు.

ఆ అంచెల చరిత్ర కొంత తెలిసికొనక తప్పదు. బ్లూటూత్ 1994లో స్వీడన్ దేశపు ఎరిక్సన్ సంస్థలో మొలకెత్తినది. 1998లో ఎరిక్సన్, నోకియా, ఐబీఎం, ఇంటెల్, తోషిబా అను ఐదు సంస్థలు కూడి దాని ప్రమాణములను నిర్ణయించు సంఘమును స్థాపించినవి. దానిని లినక్స్‌నకు అందించు బ్లూజెడ్, క్వాల్‌కామ్ సంస్థలో మాక్స్ క్రాస్న్యాన్‌స్కీచే ఆరంభింపబడి, 2001లో లినక్స్‌కు మూలమైన 2.4.6 కెర్నెల్‌నందు స్థానము పొందినది. శబ్దపు చిప్పులను నడపు ఆల్సా 2003 చివర వెలువడిన 2.6 కెర్నెల్‌తో ప్రధానవ్యవస్థయైనది. అనేక అప్లికేషన్‌ల ధ్వనులను కలిపి తగిన పరికరమునకు పంపు ధ్వనిసర్వర్‌గా లెనార్ట్ పోటరింగ్ ఆరంభించిన పల్స్ఆడియో 2007లో ఫెడోరా డిస్ట్రో 8నందును, 2008లో ఉబుంటు 8.04నందును ప్రవేశించినది. 2012 డిసెంబరున వెలువడిన బ్లూజెడ్ 5, ఆల్సాతో తనకున్న సంబంధమును, ఫోను సంభాషణకు చెందిన భాగమును విసర్జించి, ఆ భారమును ధ్వనిసర్వర్‌పై మోపినది; తత్ఫలితముగా కొన్ని సంవత్సరములపాటు లినక్స్‌లో పాట వినుట సాధ్యమయ్యు హెడ్‌సెట్ మైకుతో మాటాడుట దుర్లభమైనది. లినక్స్‌కు ఈ విషయమున సంక్రమించిన అపకీర్తి అత్యధికభాగము ఆ కాలపు పంటయే.

పిమ్మట రెడ్‌హ్యాట్ సంస్థకు చెందిన విమ్ టైమన్స్ రచించిన క్రొత్త ధ్వనిసర్వర్ పైప్‌వైర్ వచ్చినది. 2021 ఏప్రిల్‌లో ఫెడోరా 34, 2022 అక్టోబరులో ఉబుంటు 22.10 దానినే ధ్వనికి ప్రధానసాధనముగా స్వీకరించినవి. 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12 కూడ గ్నోమ్ డెస్క్‌టాప్‌తో దానినే అందించినది. అదే యేడు నవంబరున పైప్‌వైర్ 1.0 వెలువడినది. ఏ పరికరము నెచట కలుపవలెనో నిర్ణయించు వైర్‌ప్లంబర్ దానికి తోడైనది. ఈ మార్పు వలన పరిస్థితి మెఱుగుపడినదనుట నిర్వివాదము. కాని చికిత్సావిధానముల లోకమున దీనివలన నొక చిక్కు ఏర్పడినది. 2010 నాటి సలహా, 2015 నాటి సలహా, 2022 నాటి సలహా నేడు ప్రక్కప్రక్కనే లభించుచున్నవి. పల్స్ఆడియో కాలపు దస్త్రమును దిద్దుమను సలహాను పైప్‌వైర్ గల యంత్రముపై ఆచరించినవాడు పనిచేయని దస్త్రమును దిద్ది ఫలము కొఱకు ఎదురుచూచుచుండును. 2024 మార్చిలో వచ్చిన వైర్‌ప్లంబర్ 0.5 తన అమరికల రూపమునే మార్చినందున, అంతకు పూర్వము లువా భాషలో వ్రాసిన అమరికలు దానియందు చెల్లవు. కావున ఏ సలహానైనను స్వీకరించుటకు ముందు అది యేనాటిదో, మన యంత్రముపై నున్న ధ్వనిసర్వర్ ఏదో చూచుకొనవలెను. 'పాక్టల్ ఇన్ఫో' అను ఆజ్ఞ నొక్కసారి నడిపినచో సర్వర్ పేరను వరుసలో పైప్‌వైర్ పేరున్నదో లేదో తేలిపోవును.

పడుగులో నొక పోగు తెగి సాంచా ఆగినపుడు అనుభవము గల నేతగాడు పడుగంతయు విప్పడు. తెగిన పోగెక్కడనో కనిపెట్టి దానినే అతుకును. ఇచటను అట్లే అంచెలవారీగా వెదకవలెను. అన్నిటికంటె ముందు హెడ్‌సెట్‌ను ఫోనుతో కలిపి చూచుట శ్రేయస్కరము: ఫోనుతోను పలుకనిచో ల్యాప్‌టాప్‌ను శోధించి ప్రయోజనము లేదు, ఫోనుతో పలికినచో సందేహము ల్యాప్‌టాప్‌వైపునకు మరలును. ఈ పరీక్ష ముగిసిన వెంటనే ఫోనులోని బ్లూటూత్‌ను ఆపివేయవలెను; ఏలయన హెడ్‌సెట్ తానెఱిగిన ఫోనునే ముందుగా వెదకికొని పోవుటచే ల్యాప్‌టాప్‌నకు చిక్కకుండుట కడు సామాన్యము.

మొదటి అంచె రేడియో చిప్పు. హెడ్‌సెట్టే కాదు, ఏ పరికరమును జాబితాలో కనబడనిచో దోషమిచటనే యుండును. 'ఆర్ఎఫ్‌కిల్ లిస్ట్' అను ఆజ్ఞ బ్లూటూత్ మృదువుగా నిరోధింపబడినదా, గట్టిగా నిరోధింపబడినదా యని చెప్పును: మొదటిది సాఫ్ట్‌వేర్ నిరోధము, 'ఆర్ఎఫ్‌కిల్ అన్‌బ్లాక్ బ్లూటూత్' అన్నచో తొలగును, రెండవది ల్యాప్‌టాప్ అంచున నున్న మీట గాని, బయాస్‌లోని అమరిక గాని చేసిన నిరోధము, ఆజ్ఞలకు లొంగదు. నిరోధమేదియు లేకున్నచో కెర్నెల్ లాగ్ చూడవలెను. ఇంటెల్, రియల్‌టెక్, మీడియాటెక్ చిప్పులు పనిచేయుటకు ల్యాప్‌టాప్ ప్రారంభమగునపుడు వానిలోనికి ఫర్మ్‌వేర్ అను గూఢదస్త్ర మొకటి ఎక్కవలెను. అది దొరకనిచో 'డీమెసేజ్' లాగ్‌లో ఆ దస్త్రపు పేరుతో సహా వైఫల్యము నమోదగును. ఫర్మ్‌వేర్ స్వేచ్ఛాసాఫ్ట్‌వేర్ కానందున డెబియన్‌వారు దానిని చిరకాలము ఇన్‌స్టాలర్‌లో చేర్చక, 2022 అక్టోబరున సభ్యుల ఓటుతో ఆ నియమమును సడలించి, డెబియన్ 12నుండి చేర్చిరి. అంతకు ముందటి డెబియన్ వేసినవారికి బ్లూటూత్ లేదని తోచుటకు ఇదియే తఱచైన కారణము. ఇచట నింద లినక్స్‌పై మోపుట పాక్షికన్యాయమే యగును. చిప్పు లోపలి గుట్టును చిప్పు చేసినవారే దాచియుంచుట చేతనే యీ దస్త్రములకు ఇంత యగత్యము కలుగుచున్నది.

రెండవ అంచె జత కుదుర్చుట. ఇచట ల్యాప్‌టాప్, హెడ్‌సెట్ రెండును ఒక రహస్యసంకేతమును పంచుకొని భద్రపఱచుకొనును. లినక్స్‌లో ఆ సంకేతము 'వార్, లిబ్, బ్లూటూత్' దారిలోని దస్త్రమున నిలిచియుండును. నిన్న పలికినది నేడు పలుకకుండుటకు ఒకే ల్యాప్‌టాప్‌పై విండోస్, లినక్స్ రెండును నడపుట విశేషమైన హేతువు. రెండింటికిని బ్లూటూత్ చిరునామా యొకటే కాన హెడ్‌సెట్ వానినొక్క యంత్రముగానే భావించును. విండోస్‌లో మఱల జతచేసిన నాడు క్రొత్త సంకేతము పుట్టి లినక్స్‌లోని పాత సంకేతము చెల్లకుండపోవును. విండోస్‌లోని సంకేతమును లినక్స్ దస్త్రములో వ్రాయుట శాశ్వతపరిష్కారము. అది చేతకానివారు ప్రతిసారియు జత చెఱిపి మఱల కూర్చుకొనవలెను. చెఱిపి కూర్చుటకు తెరపై బొమ్మలకంటె 'బ్లూటూత్‌సీటీఎల్' మేలు: అందు 'రిమూవ్'తో పాత జతను తొలగించి, 'స్కాన్ ఆన్'తో వెదకి, 'పెయిర్', 'ట్రస్ట్', 'కనెక్ట్' అను మూడాజ్ఞలను ఆ క్రమముననే యీయవలెను. వీనిలో ట్రస్ట్‌ను మఱచుట వలన మఱునాడు హెడ్‌సెట్ తనంత తాను కలియబోయినపుడు ల్యాప్‌టాప్ దానిని త్రోసిపుచ్చును. కొన్ని క్రొత్త హెడ్‌సెట్లు పాత విధానము, అల్పశక్తి విధానము రెండింటను తమ్ము ప్రకటించుకొని, అల్పశక్తి దారినే జతపడి ధ్వని లేక నిలిచిపోవుట కలదు, 'మెయిన్.కాన్ఫ్' దస్త్రమున కంట్రోలర్‌మోడ్‌ను 'బీఆర్ఈడీఆర్' అని నిర్దేశించినచో అట్టివి దారికి వచ్చును, కాని అల్పశక్తి విధానమున నడచు బ్లూటూత్ మౌసులు కొన్ని ఆ అమరికతో పనిచేయుట మానుననుట మఱువరాదు.

మూడవ అంచె ధ్వనిసర్వర్. జత కుదిరినది, కలియబోయిన క్షణములో విడిపోయినది. లాగ్‌లో ప్రొఫైల్ లభ్యము కాదని యర్థమిచ్చు వాక్యము కలదు: ఇట్టి స్థితిలో హెడ్‌సెట్‌ను నిందించుట అపచారమే, ఏలయన బ్లూజెడ్ తలుపు తెఱచినను లోపల ధ్వనిని అందుకొనువారు లేరు. డెబియన్ కుటుంబమున పైప్‌వైర్‌కు బ్లూటూత్ నేర్పు 'లిబ్‌స్పా బ్లూటూత్' అను ప్యాకేజి వేఱుగా నున్నది. పల్స్ఆడియోకు దానిదైన బ్లూటూత్ మాడ్యూల్ వేఱు. ఉన్న సర్వర్‌కు తగిన ప్యాకేజి లేకున్నను, రెండు సర్వర్లును ఒకేసారి మేల్కొని పెనుగులాడినను ఫలమొక్కటే. పాత సలహా చూచి పల్స్ఆడియోను మఱల తెచ్చుకొన్న పైప్‌వైర్ యంత్రములలో ఈ రెండవ దుస్థితి తఱచు. చక్కబఱచిన పిమ్మట వైర్‌ప్లంబర్, పైప్‌వైర్ సేవలను వాడుకరి స్థాయిలో పునఃప్రారంభించి, 'డబ్ల్యూపీసీటీఎల్ స్టేటస్' అని యడుగవలెను. తెరపై పరికరముల జాబితాలో హెడ్‌సెట్ పేరు కనబడి, దిగువ సింకుల, అనగా ధ్వని చేరవలసిన గమ్యముల, వరుసలో ఆ పేరు ముందు నక్షత్రపు గుర్తు నిలిచినచో ధ్వని దానివైపే పోవుచున్నదని యర్థము. పేరుండి గుర్తు ల్యాప్‌టాప్ స్పీకరు ముందే యున్నచో, దోషమేమియు లేదు, 'సెట్ డిఫాల్ట్' అని ఆ వరుసలోని సంఖ్యను చెప్పుట మాత్రమే తరువాయి. 'కనెక్ట్ అయినది, ధ్వని లేదు' అను ఫిర్యాదులలో పెక్కు ఈ నక్షత్రపు గుర్తు వద్దనే తీఱిపోవును.

నాల్గవ అంచె మిక్కిలి వివాదాస్పదము. పైన చెప్పిన సూరత్ సోదరుని ఫిర్యాదు దీనికి చెందినదే. బ్లూటూత్‌లో ధ్వనికి రెండు దారులు కలవు. ఏటూడీపీ అను దారి పాటకు ఉద్దేశింపబడినది. ఎస్బీసీ అను సంకోచనపద్ధతిని అన్ని పరికరములును విధిగా ఎఱిగియుండవలెను, మేలైన అమరికలో అది సెకనుకు సుమారు 328 కిలోబిట్ల ధ్వనిని రెండు చెవులకును వేర్వేఱుగా చేరవేయును, కాని ఆ దారి ఏకముఖము, మైకుకు తావు లేదు. హెచ్ఎఫ్‌పీ అను దారి సంభాషణ కొఱకు. ఇరువైపులకును ధ్వని నడచును, కాని ఒక్క చెవి ధ్వనియే రెండింటికిని వినబడును, పాత సీవీఎస్డీ పద్ధతిలో సెకనుకు 8,000 నమూనాలు మాత్రమే పోవును. నమూనాల సంఖ్యలో సగమునకు మించిన పౌనఃపున్యములు నిలువవు కావున, 4,000 హెర్ట్‌జ్ పైని ధ్వని సమస్తము నష్టమగును. మన సకారపు బలము చాలవఱకు ఆ పైభాగముననే యున్నది; అందువలన 'సాయంత్రం సరుకు' అన్న మాట అవతలివానికి మసకబాఱి వినబడును, పరభాషీయులు అంకెలు చెప్పునపుడు పొరపాట్లు పెరుగును. కాల్ అప్లికేషన్ మైకు తెఱచినతోడనే వైర్‌ప్లంబర్ మొదటి దారి నుండి రెండవ దారికి తానే మార్చును. పాట, పాఠము, మాట అన్నియు ఒక్కసారిగా దిగజాఱును. ఇది చెడిపోవుట కాదు, ప్రమాణములోని పరిమితి.

ఈ పరిమితిని సడలించు యత్నములు మూడు జరిగినవి. మొదటిది 2011లో హెచ్ఎఫ్‌పీ 1.6తో వచ్చిన ఎమ్ఎస్బీసీ. అది నమూనాల సంఖ్యను 16,000కు పెంచి సకారమునకు కొంత ప్రాణము పోసినది. పల్స్ఆడియో 15 విడుదల నుండి లినక్స్‌లో అది అందుబాటులోనికి వచ్చినది, పైప్‌వైర్‌లోను కలదు. కాని హెడ్‌సెట్, చిప్పు, కెర్నెల్ మూడును సమ్మతింపవలెను, పాత చిప్పులు కొన్ని సమ్మతింపవు. రెండవది వాడుకరి చేతిలోనిది: హెడ్‌సెట్‌ను ఏటూడీపీలోనే యుంచి, మాటకు ల్యాప్‌టాప్ మైకును వాడుట. వైర్‌ప్లంబర్ 0.5లో తనంతట తాను దారి మార్చు అలవాటును 'డబ్ల్యూపీసీటీఎల్ సెట్టింగ్స్' ఆజ్ఞతో ఆపివేయవచ్చును. విషయమెఱిగినవారు పెక్కురు ఈ సలహానే శ్రేష్ఠమని చెప్పుదురు, ప్రశాంతమైన గదిలో నిది శ్రేష్ఠమే. కాని సాంచాల గదిమీది ఇంటిలో ల్యాప్‌టాప్ మైకు నోటికి దూరమున నుండుటచే మాటకంటె మగ్గపు తాకిడినే యెక్కువ గ్రహించును. అచట హెడ్‌సెట్ మైకే మేలు, ధ్వని నాణ్యమును కొంత వదలుకొనుటయే వివేకము. ఆర్ఎన్ఎన్ నాయిస్ వంటి చప్పుడు తొలగించు ఉపకరణములు పైప్‌వైర్‌తో కలియును, జీన్ మార్క్ వాలిన్ 2017లో మొజిల్లా తరఫున దీనిని ప్రకటించెను. ఫ్యాను హోరువంటి నిరంతరధ్వనిని ఇది చక్కగా తుడిచివేయును, కాని సాంచా యొక్క క్షణక్షణపు దెబ్బను అంత సులభముగా తుడువలేదు. మూడవది ఎల్‌ఈ ఆడియో: బ్లూటూత్ 5.2పై నిర్మింపబడి, 2022లో పూర్తియైన యీ ప్రమాణము ఎల్‌సీ3 పద్ధతితో రెండు ముఖములకును మేలైన ధ్వనిని వాగ్దానము చేయుచున్నది. బ్లూజెడ్, పైప్‌వైర్‌లలో దీని ప్రవేశము మొదలైనది; కాని పాత ల్యాప్‌టాప్ చిప్పులకు ఆ సామర్థ్యమే లేనందున వానికి దీనివలన ప్రయోజనము లేదు.

ఐదవ అంచె ఆకాశము. బ్లూటూత్, వైఫై, మైక్రోవేవ్ ఓవెన్ మూడును 2.4 గిగాహెర్ట్‌జ్ పరిసరముననే నివసించుచున్నవి. బ్లూటూత్ 79 కాలువల నడుమ సెకనుకు 1,600 సారులు గంతులిడుచు ఒత్తిడిని తప్పించుకొనును. వైఫై ఆక్రమించిన కాలువలను విడిచి మిగిలినవానినే వాడు ఉపాయమును 2003 నాటి 1.2 ప్రమాణమునుండి కలిగియున్నది. ఇరుగుపొరుగుల వైఫై రౌటర్లు గోడగోడకు నున్న లింబాయత్ వంటి ఇరుకు వీథులలో ఈ ఖాళీ కాలువలు తఱిగిపోవుట సహజము. పెక్కు ల్యాప్‌టాపులలో వైఫై, బ్లూటూత్ రెండును ఒకే కార్డుపై నుండి తఱచుగా యాంటెన్నానే పంచుకొనును గనుక, రౌటర్‌ను 5 గిగాహెర్ట్‌జ్‌కు మార్చినచో ధ్వని తెగుట వెంటనే తగ్గుట చూడవచ్చును. యూఎస్బీ 3 పోర్టు నుండియు 2.4 గిగాహెర్ట్‌జ్ రొద వెలువడునని ఇంటెల్ 2012లో వెల్లడించినది. అందుచే బ్లూటూత్ డాంగిల్‌ను హార్డ్‌డిస్క్ ప్రక్కన గుచ్చక, చిన్న కేబుల్‌తో దూరముగా నుంచుట మేలు. నీటితో నిండిన మన శరీరమును ఆ తరంగములను పీల్చివేయును: ల్యాప్‌టాప్‌ను వెనుక నుంచుకొని తిరుగువాని హెడ్‌సెట్ తెగుటలో లినక్స్ ప్రమేయము లేదు.

ఈ విషయమున మూడు మతములు ప్రచారమందున్నవి. డిస్ట్రోను మార్చి మఱల ఇన్‌స్టాల్ చేయుమనుట మొదటిది. మూడవ అంచె దోషములును, మొదటి అంచెలోని ఫర్మ్‌వేర్ లోపమును దీనితో తీఱవచ్చును గాని మిగిలినవానికి ఇది నిష్ఫలము, పైగా ఫర్మ్‌వేర్ లేని డిస్ట్రోకు పోయినచో క్రొత్త దోషము కొనితెచ్చుకొన్నట్లగును. తనలోనే బ్లూటూత్‌ను నిర్వహించి, కంప్యూటరుకు సాధారణ యూఎస్బీ సౌండ్‌కార్డుగా మాత్రమే కనబడు ప్రత్యేకపు డాంగిల్ కొనుమనుట రెండవది. బ్లూజెడ్‌నే దాటిపోవును గనుక మొదటి మూడు అంచెల దోషములలో పెక్కింటికి ఇది నిశ్చితమైన మందు, కాని సామాన్య బ్లూటూత్ డాంగిల్ ఆ పని చేయదు, అంగడిలో రెండింటి రూపమును ఒక్కటే. తీగ గల హెడ్‌సెట్టే శరణ్యమనుట మూడవది. నాల్గవ, ఐదవ అంచెలకు ఇంతకు మించిన చికిత్స లేదు, ఖర్చును తక్కువ. నా తీర్పు: పాటకు, పాఠమునకు బ్లూటూత్ నేటి లినక్స్‌లో విశ్వసనీయము, వ్యాపారపు బేరము నడచు కాల్‌కు, పరీక్షకు, ఉద్యోగపు ఇంటర్వ్యూకు తీగయే ఉత్తమము, సాంచాల ప్రక్క నివసించువారికి ఇది మఱింత నిజము.

చివరకు, దోష మెచ్చటనున్నదో చూపు లాగ్‌ను దాచక, సామాన్యుని చేతికిచ్చుటలో లినక్స్ ఇతర వ్యవస్థలకంటె మేలే. కాని ఆ లాగ్ ఆంగ్లముననే పలుకును. గ్నోమ్ డెస్క్‌టాప్‌ను తెలుగున వాడుకొనవచ్చును, 'స్వేచ్ఛ' వంటి సంస్థలు హైదరాబాదునుండి తెలుగు కంప్యూటింగ్‌కు చేసిన సేవయు స్మరణీయము. అయినను ప్రొఫైల్ లభ్యము కాదను వాక్యమునకు వెనుకనున్న ప్యాకేజి పేరును తెలుగున చెప్పు మార్గదర్శి కొఱవడియున్నంత కాలము, సూరత్‌లోని మన తెలుగు విద్యార్థి గుజరాతీ మిత్రునో, పొరుగువీథి రిపేరు అంగడినో ఆశ్రయించుచునే యుండును. ఈ అంచెల క్రమమును, ఒక్కొక్క అంచెకు ఒక్కొక్క ఆజ్ఞను తేటతెలుగున నొక కాగితమునకు ఎక్కించి, ప్రతి డిస్ట్రోమార్పునకును దానిని తిరిగి దిద్దుచు, తేదీతో సహా ప్రచురించు పని కష్టసాధ్యము కాదు. క్రొత్త హెడ్‌సెట్ కొనుటకంటె చౌకయైన, ఎక్కువ మందికి ఉపకరించు చికిత్స అదియే.